మెట్రాలజీ నేర్చుకోవాలంటే ముందు థర్మామీటర్ కొనండి

ప్రశ్న: మెకానికల్ డిప్లొమా పూర్తయింది. ఒక కాలిబ్రేషన్ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల చేరాలి. మెట్రాలజీ బాగా నేర్చుకోవడానికి ఏ కోర్సు చెయ్యాలి? ఈ రంగం వార్తలు ఎక్కడ చదవాలి?

మెట్రాలజీ అంటే కొలతల శాస్త్రం. దాని కోర్సు సంగతి చివర్లో చెప్తాను, గుర్తుంటే. ముందు మీ ల్యాబ్‌లో ఏసీ ఎలా పనిచేస్తుందో కనుక్కోండి. ఎగతాళి కాదు. ఈ పనిలో ఇన్నేళ్ళుగా ఉన్నాను. కస్టమర్‌కీ సప్లయర్‌కీ కొలతల మీద వచ్చే గొడవల్లో పదింట తొమ్మిదికి కారణం ఉష్ణోగ్రతే అని నా నమ్మకం. లెక్క కట్టి చెప్పమంటే చెప్పలేను, కానీ పందెం మాత్రం కాస్తాను.

నాకు ఈ జ్ఞానం కలిగింది 2006 మే నెలలో, హైదరాబాద్ బాలానగర్‌లో. రేకుల షెడ్డు, నాలుగు లేతులు, ఒక సీఎన్‌సీ టర్నింగ్ మెషీను. నేను గుంటూరు జిల్లా నుంచి డిప్లొమా పట్టుకుని కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ని. అల్యూమినియం రింగుల ఆర్డరు. బయటి వ్యాసం 90 మిల్లీమీటర్లు, హెచ్6 టాలరెన్స్. అంటే 90.000 దాటకూడదు, 89.978 కంటే తగ్గకూడదు. మొత్తం మీద ఇరవై రెండు మైక్రాన్ల జాగా; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మా ఆపరేటర్ మంచి పనివాడు, సరిగ్గా మధ్యలో కొట్టేవాడు. అరవై రింగులూ నేనే చూశాను. డిజిటల్ మైక్రోమీటర్‌ని 75 మిల్లీమీటర్ల సెట్టింగ్ రాడ్ (పొడవు ముందే తెలిసిన ఉక్కు కడ్డీ) మీద సెట్ చేసి, రాచెట్ మూడుసార్లు తిప్పి, పుస్తకంలో చెప్పినట్టే. అన్నీ 89.988కీ 89.992కీ మధ్యలో వచ్చాయి. సంతకం పెట్టి పంపాను.

నాలుగో రోజు అరవైకి అరవై వెనక్కొచ్చాయి. కస్టమర్ రిపోర్టులో అన్నీ 89.970 అటూ ఇటూ. అండర్ సైజు. పెద్దదైతే మళ్ళీ చెక్కొచ్చు. చిన్నదైపోయిన ముక్కని ఏం చేస్తాం, తుక్కులో వేస్తాం. ఓనరు నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయను. మైక్రోమీటర్ పాడైందన్నారు, తీసి చూస్తే బాగానే ఉంది. కస్టమర్ వాళ్ళే తప్పుగా కొలిచారన్నారు. నాకు చూడ్డం రాదన్నారు. మూడోదాన్ని నేను కూడా నమ్మేశాను.

మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. ఓ ప్రభుత్వరంగ కంపెనీ టూల్‌రూమ్‌లో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరై, ఇంట్లో తోచక మా షెడ్డుకి వచ్చేవాడు. రిపోర్టు చూసి ఒకటే అడిగాడు.

"ఏరా, నువ్వు చూసింది ఎన్ని గంటలకి?"

"మధ్యాహ్నం మూడుకి సార్."

"షెడ్డులో ఎంతుందప్పుడు?"

నాకేం తెలుసు? మేలో రేకుల కింద ఎంతుంటే అంత. ఆయన చూసుకున్నాడట, ముప్ఫై ఎనిమిది.

షెడ్డు మొత్తానికి ఏసీ ఉన్నది ఓనరు గదిలోనే. ఆ సాయంత్రం ఓనరు ఇంటికి వెళ్ళాక పెద్దాయన ఐదు రింగులు, మైక్రోమీటర్, సెట్టింగ్ రాడ్, చిన్న సర్ఫేస్ ప్లేట్, కంపారేటర్ స్టాండ్ (చిన్న తేడాని ముల్లు మీద చూపించేది), ఒక పాత 100 మిల్లీమీటర్ల స్లిప్ గేజు (కొలతకి ప్రమాణంగా వాడే ఉక్కు దిమ్మ) అన్నీ మోయించి ఓనరు టేబుల్ మీద పెట్టించాడు. రాత్రంతా ఏసీ ఆపొద్దని వాచ్‌మన్‌కి చెప్పాడు. పొద్దున ఏడింటికి నన్ను రమ్మన్నాడు. గదిలో ఇరవై నాలుగు డిగ్రీలు. అవే రింగులు, అదే మైక్రోమీటర్, అదే నా చెయ్యి. 89.975.

రాత్రికి రాత్రి పదిహేను మైక్రాన్లు ఎటు పోయాయి?

వేడికి లోహం సాగుతుందని ఎనిమిదో తరగతిలోనే చదివాం. కానీ మనందరి బుర్రలో ఇంకో ధీమా ఉంటుంది: జాబ్, అంటే కొలిచే ముక్క, సాగితే మైక్రోమీటర్ కూడా సాగుతుందిగా, రెండూ చెల్లుకు చెల్లు అని. జాబ్ స్టీలైతే దాదాపు అంతే. ఇది అల్యూమినియం. డిగ్రీ పెరిగితే స్టీలు మీటరుకి పదకొండున్నర మైక్రాన్లు సాగుతుంది, అల్యూమినియం దాదాపు ఇరవై మూడు. 90 మిల్లీమీటర్ల మీద ఆ తేడా డిగ్రీకి ఒక మైక్రాన్. ఇంత గుండు అంకె దొరకడం కూడా అదృష్టమే, ఈ జన్మకి మర్చిపోను. ముప్ఫై ఎనిమిదిలో నేను చూశాను, ఇరవైలో వాళ్ళు చూశారు. పద్దెనిమిది డిగ్రీలు, పద్దెనిమిది మైక్రాన్లు. నా 89.988 వాళ్ళకి 89.970. ఇద్దరం సరిగ్గానే కొలిచాం.

డ్రాయింగ్ మీద ఉష్ణోగ్రత రాసి లేకపోతే ఆ కొలత ఇరవై డిగ్రీల దగ్గరిదని అర్థం. ప్రపంచమంతా 1931 నుంచి అదే లెక్క. ఎవరో చల్లటి దేశాల పెద్దమనుషులు కూర్చుని హాయిగా ఉండే వేడి ఇదీ అని పెట్టేసుకున్నారు. మనకి ఇరవై డిగ్రీలంటే సంక్రాంతి తెల్లవారుజాము. బాలానగర్‌లో మేలో ఇరవై తేవాలంటే కరెంటు బిల్లు ఎవడు కడతాడు?

తర్వాత పెద్దాయన చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. ఆ పాత స్లిప్ గేజుని కంపారేటర్ కింద పెట్టి ముల్లుని సున్నాకి తెచ్చాడు. బయటికి తీసి నా గుప్పిట్లో పెట్టి, "రెండు నిమిషాలు ఊరికే పట్టుకో" అన్నాడు. మళ్ళీ ముల్లు కింద పెట్టించాడు. ఐదు గీతలు పైన. గీత ఒక మైక్రాను. గట్టిపడిన ఉక్కు ముక్క, అద్దంలా మెరిసేది, కొలతకి మారుపేరు, నా గుప్పిట్లో ఉన్నంతసేపట్లో పెరిగింది. ఇద్దరం టీ తెప్పించుకుని ముల్లు వెనక్కి వస్తుంటే చూస్తూ కూర్చున్నాం. చివరి గీత దిగడానికి అరగంట పైనే పట్టింది. ఈ లోపు ఓనరు వచ్చాడు. తన టేబుల్ మీద రింగులు, తన కుర్చీలో పెద్దాయన, గది మంచుముద్ద. ముందు కరెంటు బిల్లు గురించే అరిచాడు.

అసలు తమాషా ఆ తర్వాత. కొత్త రింగులు కొట్టాలి. షెడ్డులో ముప్ఫై ఎనిమిదిలో కొడితే మైక్రోమీటర్ మీద 90.007 చూపించాలి, అప్పుడే ఇరవైకి వచ్చేసరికి మధ్యలో పడుతుంది. ఆ మాట ఆపరేటర్‌కి చెప్తే ససేమిరా అన్నాడు. "డ్రాయింగ్ల తొంభైకి పైకి పోవద్దని ఉంది గద సార్. నువ్వేమో పైకి కొట్టుమంటున్నవ్. రేపు రిజెక్ట్ అయితే నా మీదనే పెడ్తరు. రాసియ్." ఆయన అన్నదాంట్లో తప్పేముంది? జాబ్ కార్డు వెనక రాసిచ్చాను: ముప్ఫై ఎనిమిదైతే 90.007, రాత్రి షిఫ్టులో ముప్ఫై రెండైతే 90.001. నా జీవితంలో నేను రాసిన మొదటి కరెక్షన్ చార్టు అదే. అది కూడా సరైన పద్ధతి కాదని పెద్దాయన రెండు రోజులకే తేల్చాడు. గోడ మీది థర్మామీటర్ గాలి వేడి చెప్తుంది, అప్పుడే మెషీన్ మీంచి దిగిన రింగు వేడి చెప్పదు. అల్యూమినియం గ్రేడు మారితే సాగడం కూడా కొంచెం మారుతుంది. అందుకని అదే కడ్డీ నుంచి ఒక అల్యూమినియం డిస్క్ చేయించి, బయటి ల్యాబ్‌లో ఇరవై డిగ్రీల దగ్గర కొలిపించి, మెషీన్ పక్కనే పెట్టించాడు. మైక్రోమీటర్‌ని ఇక ఆ డిస్క్ మీదే సెట్ చెయ్యడం. రింగు ఎంత సాగితే డిస్క్ కూడా అంతే సాగుతుంది. చార్టు చింపేశాం.

ఇప్పుడు చెప్పండి, ఇదంతా ఏ కోర్సులో ఉంది? నేను చదివిన పాలిటెక్నిక్ మెట్రాలజీ ల్యాబ్‌లో స్లిప్ గేజుల పెట్టె బీరువాలో ఉండేది, తాళం హెచ్‌వోడీ దగ్గర, హెచ్‌వోడీ ఎప్పుడూ మీటింగులో. మూడేళ్ళలో ఒక్కసారి తెరిస్తే సగం తుప్పు. స్క్రూగేజ్ రీడింగులు సీనియర్ల రికార్డు చూసి ఎక్కించాం, సగటు నాలుగు దశాంశాల దాకా వేశాం. వైవాలో "మెట్రాలజీ అనగానేమి" అని అడిగారు, చెప్పాను, మార్కులు వేశారు. గదిలో ఎన్ని డిగ్రీలున్నాయని ఒక్కరూ అడగలేదు.

మీరు ల్యాబ్‌లో చేరాక ఇంకో రకం చూస్తారు. కాలిబ్రేషన్ అంటే రిపేరు అనుకునేవాళ్ళు. "ఐదు మైక్రాన్లు ఎర్రర్ ఉందని రాశారు, మరి కాలిబ్రేషన్ చేశారు కదా, పోలేదా?" అని ఫోన్ చేస్తారు. కాలిబ్రేషన్ పని ఎర్రర్ ఎంతుందో చెప్పడం. సరిచెయ్యడం వేరే పని, దాని పేరు అడ్జస్ట్‌మెంట్. ఎక్స్‌రే తీసినవాడిని ఎముక అతుక్కోలేదేమని అడిగితే ఎలా? ఇక సర్టిఫికెట్‌లో అందరూ చూసేవి రెండే: ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తు, మళ్ళీ ఎప్పుడు చేయించాలన్న తేదీ. మధ్యలో అన్‌సర్టెనిటీ, అంటే మా కొలత ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకె, అని ఒక కాలమ్ ఉంటుంది, మా కష్టమంతా అందులోనే ఉంటుంది, ఎవరూ చదవరు. ఇన్‌స్ట్రుమెంట్ పంపకుండా సర్టిఫికెట్ మాత్రం పంపమని అడిగిన మహానుభావులు కూడా ఉన్నారు. ఆడిట్ ఎల్లుండి అట.

అన్‌సర్టెనిటీ అంటే భయపడకండి. మా నాయనమ్మకి అది బాగా తెలుసు. ధాన్యం కొలిచేటప్పుడు కుంచం ఒకటే అయినా కొలిచేవాడు మారితే ఒప్పుకునేది కాదు. ఒకడు ఒత్తి పోస్తాడు, ఒకడు వదులుగా పోస్తాడు, ఒకడు పైన గోపురం కడతాడు. కొలిచే చెయ్యి మారితే గింజలు మారతాయనేది. దాన్నే మేం రీప్రొడ్యూసిబిలిటీ అని పేరు పెట్టి స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరసగా వేస్తాం.

వార్తల గురించి కూడా అడిగారు కదా. ఈ రంగం టీవీలోకి ఎక్కింది నాకు తెలిసి ఒక్కసారే, కిలో నిర్వచనం మారినప్పుడు. 2018 నవంబరు 16న వెర్సాయ్‌లో ఓటు వేశారు, 2019 మే 20 నుంచి అమల్లోకి వచ్చింది. పారిస్ దగ్గర గాజు మూతల కింద దాచిన ప్లాటినం ఇరిడియం దిమ్మ పోయి, ప్రకృతిలో ఎక్కడా మారని అంకె, ప్లాంక్ స్థిరాంకం, వచ్చింది. మనకి కూడా ఆ దిమ్మ తాలూకు అధికారిక నకలు ఉంది, 57వ నంబరుది, ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో. టీవీలో "కిలో మారిపోయింది" అని తిప్పి తిప్పి వేశారు. మర్నాడు ఒక కస్టమర్ ఫోన్: "మా తూకం రాళ్ళన్నీ మళ్ళీ చేయించాలా?" అసలు గొడవ ఎంతలో? నూరేళ్ళలో ఆ దిమ్మకీ దాని నకళ్ళకీ మధ్య పెరిగిన తేడా యాభై మైక్రోగ్రాముల లెక్క. ఆయన దగ్గరున్నవి ఎఫ్1 క్లాసు రాళ్ళు. కిలో రాయికి ఐదు మిల్లీగ్రాముల దాకా తేడా ఉన్నా ఒప్పుకుంటారు. అంటే ప్రపంచం మొత్తం తలపట్టుకున్న తేడా ఆయనకి ఒప్పుకున్నదాంట్లో నూరోవంతు. పైగా కొత్త నిర్వచనాన్ని పాత కిలోకి సరిపోయేలాగే పెట్టారు. ఏమీ చెయ్యక్కర్లేదు సార్ అంటే నమ్మలేదు, రాళ్ళు పంపాడు. మేం చేశాం, బిల్లు వేశాం.

కాబట్టి వార్తల్లో ఏది మీ బల్ల దాకా వస్తుందో చూసుకోండి. 2022లో కిలో, మెగా లాంటివే రొన్నా, క్వెట్టా అని కొత్త ఉపసర్గలు వచ్చాయి, వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగింది. మీ సర్వీసు మొత్తంలో వాటితో పని పడితే నాకు ఉత్తరం రాయండి. అదే మా లాంటి ల్యాబ్‌లు పాటించాల్సిన ఐఎస్‌వో 17025 ప్రమాణం 2017లో మారినప్పుడు ఏ టీవీ చెప్పలేదు, మాకు మాత్రం నిద్ర లేదు. కొలత సరిగ్గా హద్దు అంచున పడితే పాస్ అనాలా ఫెయిల్ అనాలా, అన్‌సర్టెనిటీని ఏ వైపు లెక్కెయ్యాలా అన్న నియమాన్ని ముందే కస్టమర్‌తో మాట్లాడి రాసుకోమంది. ఆ నియమం లేక ఎన్ని రింగులు తుక్కులోకి పోయాయో.

ఇక కోర్సు. డబ్బు కట్టే ముందు, డబ్బు అక్కర్లేనివి చదవండి. అంతర్జాతీయ తూనికలు కొలతల బ్యూరో, అదే బీఐపీఎం, సైట్‌లో ఎస్ఐ బ్రోషర్, విమ్ అనే పదకోశం, గమ్ అనే అన్‌సర్టెనిటీ గైడు ఉచితంగా ఉన్నాయి. గమ్ మొదటిసారి అర్థం కాదు, నాక్కూడా కాలేదు. బ్రిటన్ జాతీయ కొలతల ల్యాబ్ ఎన్‌పీఎల్ వాళ్ళ గుడ్ ప్రాక్టీస్ గైడ్లతో మొదలెట్టండి, మామూలు మాటల్లో ఉంటాయి. మన ఎన్‌ఏబీఎల్ డాక్యుమెంట్లు ఎలాగూ ల్యాబ్‌లో చదివిస్తారు. ఆ తర్వాత కూడా కోర్సు కావాలనిపిస్తే, చెయ్యి పెట్టి కొలవనిచ్చే చోట చెయ్యండి. పీపీటీ చూపించి భోజనం పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే రెండు రోజుల ట్రైనింగులకి మీ జేబులోంచి పైసా తియ్యొద్దు.

చేరిన వారంలో ఒక పాత స్లిప్ గేజు అడిగి, గుప్పిట్లో పట్టుకుని ముల్లు చూడండి. మాస్టర్ సెట్‌లోది మాత్రం ముట్టుకోకండి, చెమట తగిలితే తుప్పు పడుతుంది, మీ సీనియర్ కొడతాడు. ఇంకో మాట, మొదటి రోజే స్వెట్టర్ తీసుకెళ్ళండి. మే నెలైనా సరే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇరవై డిగ్రీల్లో కూర్చోవాలి, మధ్యాహ్నానికల్లా వేళ్ళు కొంకర్లు పోతాయి.