వాక్‌కి టీమ్ కడుతున్న మేనకోడలికి

బంగారుతల్లికి అత్తయ్య ఆశీస్సులు.

"మార్చ్ ఫర్ బేబీస్ వాక్‌కి బాబు పేరు మీద టీమ్ పెడదామనుకుంటున్నాం అత్తయ్యా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని నిన్న నువ్వు ఫోన్‌లో అడిగితే వంట హడావుడిలో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. రాత్రి పడుకున్నాక మనసు ఊరుకోలేదు. ఇన్నేళ్ళుగా నడుస్తున్నదాన్ని, నీకు సరిగ్గా చెప్పాలి కదా అని కూర్చుని రాస్తున్నాను.

మావాడు 2004 ఆగస్టులో 28 వారాలకే పుట్టాడని నీకు తెలుసు. కిలో కూడా లేడు. 74 రోజులు ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్నాడు. మరుసటి ఏప్రిల్‌లో మేం మొదటిసారి నడిచాం. తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం మార్చ్ ఆఫ్ డైమ్స్ అనే సంస్థ విరాళాలు పోగుచేసే ఈ నడకకి అప్పట్లో పేరు వాక్ అమెరికా. మార్చ్ ఫర్ బేబీస్ అని 2008లో మార్చారు.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది అడగడం గురించి. మన ఇళ్ళల్లో ఒకరి ముందు చెయ్యి చాచడం అంటే నామోషీ. పైగా బిడ్డ సంగతి నలుగురికీ చెప్తే దిష్టి తగులుతుందని మా అత్తగారు గట్టిగా అన్నారు. ఆ భయంతో మొదటి ఏడాది నేను నా మాట ఒక్కటీ లేకుండా, సంస్థ వాళ్ళు రాసిచ్చిన వాక్యాలే పెట్టి 140 మందికి ఒకే మెయిల్ కొట్టాను. ఇచ్చింది ఆరుగురు. అప్పుడు కూర్చుని ఒక్కొక్కరికీ పేరు పెట్టి విడిగా రాశాను. ఆ 74 రోజులూ మేం ఆసుపత్రిలో ఉంటే, మేం అడగకుండానే మా చెత్తడబ్బా వీధిలో పెట్టి, మళ్ళీ లోపల పెట్టిన ఎదురింటాయన ఒకరున్నారు. ఆయనకి కూడా రాశాను. ఇరవై డాలర్లు ఇచ్చి, వాక్ రోజు పొద్దున్నే భార్యని వెంటబెట్టుకుని వచ్చారు. "మీకేం చెయ్యాలో తెలియక డబ్బా పెట్టేవాణ్ణి" అన్నారు. చాలామంది పరిస్థితి అదేనమ్మా. ఏదో చెయ్యాలని ఉంటుంది, ఏం చెయ్యాలో తెలియదు. నువ్వు అడిగితే వాళ్ళకి ఒక దారి దొరుకుతుంది.

కాబట్టి వాట్సాప్ గ్రూపులో ఒక లింకు పడేసి ఊరుకోకు. విడివిడిగా పంపు. పెద్ద పెద్ద మాటలు వద్దు. "మావాడు పది వారాలు ముందే పుట్టాడు. 52 రోజులు ఎన్‌ఐసీయూలో ఉన్నాడు. వాడి కోసం ఏప్రిల్‌లో నడుస్తున్నాం. మాతో వస్తారా? రాలేకపోతే పది డాలర్లు ఇచ్చినా సంతోషమే." ఇంత చాలు. ఇంత ఇవ్వండి అని అంకె చెప్పడం మర్చిపోకు, లేకపోతే ఎంత ఇవ్వాలో తేలక వాయిదా వేస్తారు. ఆఫీసులో మ్యాచింగ్, అంటే ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ కూడా కలిపి ఇచ్చే పద్ధతి, ఉందేమో కనుక్కో, మీ ఆయన్ని కూడా కనుక్కోమను. ఇచ్చినవాళ్ళందరినీ రసీదు దాచుకోమను, పన్ను లెక్కలకి పనికొస్తుంది.

పది డాలర్లు అడిగితే చిన్నతనమేమో అనుకోకు. అసలు ఈ సంస్థ నిలబడిందే చిల్లర మీద. 1938లో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ పోలియో మీద పోరాటానికి దీన్ని పెట్టారు. ఆయన కూడా పోలియో బాధితుడే. ఎడ్డీ కాంటర్ అనే హాస్యనటుడు రేడియోలో "తలా ఒక డైమ్ వైట్ హౌస్‌కి పంపండి" అని పిలుపునిస్తే లక్షల్లో నాణేలు ఉత్తరాల్లో వచ్చి పడ్డాయి. డైమ్ అంటే పది సెంట్లే కదా. మార్చ్ ఆఫ్ డైమ్స్ అన్న పేరు అలా వచ్చింది. జోనస్ సాక్ అనే శాస్త్రవేత్త చేసిన పోలియో టీకా పనిచేస్తుందని 1955లో తేల్చిన పరీక్షలకి పెట్టిన డబ్బు కూడా ఆ చిల్లరలోంచి వచ్చిందే.

"ఇచ్చిన డబ్బు ఎటు పోతుంది?" అని ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకోకు, అడగాల్సిన ప్రశ్నే అది. నేనైతే ఒక సంగతి చెప్తాను. 1963లో కెనెడీ ప్రెసిడెంటుగా ఉండగా ఆయన కొడుకు ప్యాట్రిక్ అయిదారు వారాలు ముందు పుట్టాడు. మీవాడికంటే నెల ఎక్కువే కడుపులో ఉన్నాడు, రెండు కిలోల పైనే బరువు. దేశంలోని పెద్ద డాక్టర్లందరూ అందుబాటులో ఉన్నా రెండు రోజులు నిండకుండానే పోయాడు. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఉంచే సర్ఫాక్టెంట్ అనే పదార్థం ఆ బిడ్డలో చాలినంత తయారవలేదు, బయటి నుంచి ఇవ్వడానికి అప్పటికి మందు లేదు. అమెరికాలో ఆ మందుకి 1990లో అనుమతి వచ్చింది. ఆ పరిశోధనకి సాయపడిన వాటిలో ఈ సంస్థ కూడా ఉంది. మావాడికి పుట్టిన గంటలోపే గొట్టంలోంచి ఇచ్చింది ఆ మందే. ఇది చెప్పాక నన్ను మళ్ళీ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

ఇక బాబు. డాక్టరు సరే అంటేనే వాణ్ణి తీసుకురా. వద్దంటే మనం నడుద్దాం, వాడు ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంటాడు, అందులో తప్పేమీ లేదు. తెస్తే మాత్రం స్ట్రోలర్‌కి "దయచేసి ముట్టుకోవద్దు" అని అట్టముక్క కట్టు. మనవాళ్ళు ప్రేమగా వచ్చి బుగ్గలు పుణుకుతారు, ముద్దులు పెడతారు. నోటితో వద్దనడం నీకు కష్టం, ఆ పని అట్ట చూసుకుంటుంది. "ఆర్నెల్లన్నారు, ఇంకా కూర్చోవట్లేదా?" అని అడిగేవాళ్ళూ ఉంటారు. పుట్టిన తేదీ నుంచి కాదు, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేసుకోవాలని చెప్పు. మొహం చిన్నబుచ్చుకోకు.

టీ షర్టుల మీద వాడి పేరు వేయించు, బావుంటుంది. కానీ "ఫైటర్", "గెలిచాడు" లాంటి మాటలు వేయించకు. ఎందుకో చెప్తాను. రెండో ఏడాది వాక్‌లో నా పక్కన ఒకావిడ ఒంటరిగా నడుస్తోంది. చేతిలో తెల్లటి ఊలు టోపీ, నారింజపండుకి తొడిగేంత ఉంది. చెమటకి తడిసిపోతోందని కాసేపటికోసారి చెయ్యి మార్చుకుంటోంది. నా షర్టు మీద గెలుపు గురించి పెద్ద అక్షరాలు. ఆవిడ వాటిని చదవడం చూశాను. ఆవిడ బిడ్డ మాత్రం పోరాడలేదా? నాకు నోట మాట రాలేదు. చివరికి "పాప పేరేమిటి?" అని అడిగాను. పేరు చెప్పింది, తేదీ చెప్పింది, బరువు చెప్పింది. ఆ పేరు ఎవరూ అడగరట. చివరిదాకా కలిసే నడిచాం. ఆ షర్టు మళ్ళీ వేసుకోలేదు. బిడ్డని పోగొట్టుకున్న తల్లిదండ్రులు అక్కడ చాలామంది ఉంటారు. ఓదార్పు మాటలేమీ అక్కర్లేదు, పేరు అడుగు, విను.

నీ సంగతి కూడా చూసుకో. ఎన్‌ఐసీయూ నుంచి వచ్చి ఎనిమిది నెలలైనా మైక్రోవేవ్ బీప్‌మంటే నా గుండె జారిపోయేది, మానిటర్ మోగిందేమో అని. అక్కడ మైకులు, అరుపులు ఉంటాయి. ఏడుపొస్తే పక్కకి వచ్చి కూర్చో, నేనుంటాను. మీ ఆయన్ని కూడా కాస్త కనిపెట్టుకో. ఆ 74 రోజుల్లో మీ మావయ్య కంట తడి చూడలేదు నేను. వాక్‌లో మొదటి మైలు దాటాక ముక్కూమొహం తెలియని ఒక నాన్నతో నిలబడి అరగంట మాట్లాడారు. నాతో ఎప్పుడూ అనని మాటలు అవి.

ఇండియా నుంచి డబ్బులు పంపుతామని అన్నయ్యా వదినా అంటే వద్దను. అక్కడా నెలలు నిండని పిల్లలు ఎందరో. హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు ఉంది, పాలిస్తున్న తల్లులు తెలిసినవాళ్ళలో ఉంటే వాళ్ళకి ఆ సంగతి చెప్పమను. నవంబరు 17న ప్రపంచ ప్రీమెచ్యూరిటీ దినం, ఆ రోజు ఊదారంగు దీపం పెట్టినా మనకి ఆనందమే. ఎనిమిదో నెల బిడ్డ దక్కడు, ఏడో నెలైతేనే బతుకుతాడు అని ఎవరైనా మొదలుపెడితే మాత్రం అక్కడే ఆపు. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకి బలమే.

వాక్ అయ్యాక పార్కులో అందరికీ పులిహోర, పెరుగన్నం నేను తెస్తాను, నువ్వు ఏమీ వండకు. సోమవారం డాక్టరు చూశాక ఏమన్నారో ఫోన్ చెయ్యి. నాకూ మావయ్యకీ షర్టులు ఎల్ సైజు చెప్పు.

మీ అత్తయ్య