లాగ్ లైన్‌లో కనిపించే నోడ్ పేరు ఎవరిది?

క్లస్టర్ స్టోరేజ్ (చాలా సర్వర్లు కలిసి డేటా దాచే ఏర్పాటు) లాగ్‌లో టైమ్ పక్కన కనిపించే పేరు ఆ లైన్ రాసిన నోడ్‌ది, అంటే ఆ సర్వర్‌ది. పాడైన నోడ్ వేరే కావచ్చు, దాని ఆచూకీ మెసేజ్‌లో ఉంటుంది. పడిపోయిన నోడ్ తన సంగతి తాను రాయలేదు కదా, పక్కవే రాయాలి. సెఫ్ (Ceph) అనే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌లో ఓఎస్‌డీలు, అంటే ఒక్కో డిస్క్‌ను చూసుకునే ప్రాసెస్‌లు, సుమారు 6 సెకన్లకోసారి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. డిఫాల్ట్‌గా 20 సెకన్లు జవాబు లేకపోతే ఫిర్యాదు మొదలు.

కర్నూలులో ఒక ఆఫీసువాళ్లు నోడ్‌లకు కర్నూలు, కడప, అనంతపురం అని పేర్లు పెట్టుకున్నారనుకోండి. ‘02:14:07 కడప సెఫ్-ఓఎస్‌డీ[2231]: ఓఎస్‌డీ.5 నుంచి జవాబు లేదు’ అని పడింది. ఓఎస్‌డీ.5 ఉన్నది అనంతపురంలో. చూడాల్సింది దాన్ని, లేదా మధ్యలోని నెట్‌వర్క్‌ను. బాగున్న కడపను రీస్టార్ట్ చేశారంటే డేటా మిగిలిన కాపీ కూడా అందకుండా పోవచ్చు, దయచేసి ఆగండి.

చాలామంది 2231ను ఎర్రర్ కోడ్ అనుకుని టెన్షన్ పడతారు. అది ప్రాసెస్ ఐడీ మాత్రమే. సర్వీస్ రీస్టార్ట్ అయితే మారిపోతుంది.