పాత ఓమ్నీలో కొండపల్లి బొమ్మలు: సంతకు వద్దు, తిరునాళ్ళకు వెళ్ళండి

పాత వ్యాను ఒకటి కొనుక్కుని, చేతితో చేసిన వస్తువులను సంతల్లో అమ్ముకుంటూ ఊరూరా తిరిగి బతకవచ్చునా అని మీరు అడిగారు. బతకవచ్చును, కానీ సంతలను నమ్ముకుని కాదు. మా అత్తవారిది కొండపల్లి బొమ్మల కాలనీ. వారు చెక్కిన బొమ్మలకు నా భార్య రంగులు వేస్తుంది. వాటిని పాత మారుతి ఓమ్నీలో పెట్టుకుని విజయవాడ నుండి పల్నాడు దాకా కొన్నేళ్ళుగా తిరుగుతున్నాను కనుక ఈ మాట ధీమాగానే చెబుతున్నాను.

వారపు సంతకు వచ్చే మనిషి ఆ వారానికి సరిపడే డబ్బుతో వస్తాడు. ఉల్లిపాయలు, ఎండుచేపలు, పిల్లవాడి నిక్కరు కొన్నాక అతని దగ్గర మిగిలేది బస్సు చార్జీ. అంబారీ ఏనుగును చూపించి ధర చెబితే నవ్వి వెళ్ళిపోతాడు. అందులో అతని తప్పేమీ లేదు. తిరునాళ్ళకు వచ్చే మనిషి మాత్రం ఖర్చు పెట్టే ఉద్దేశంతోనే ఇంట్లో నుండి బయలుదేరతాడు.

ఒక శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళాము. (2022లో అది పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది కానీ మా ఇంట్లో ఇప్పటికీ గుంటూరు జిల్లా అనే అంటాము.) బండ్లను కొండకు చాలా దూరంలోనే ఆపివేయడంతో పెట్టెలను నెత్తిన పెట్టుకుని నడవవలసి వచ్చింది. ఈ బొమ్మలు చెక్కే తెల్ల పొణికి కర్ర తేలికైనది కనుక సరిపోయింది. దుర్గి రాతి శిల్పాలైతే అక్కడి నుండే వెనక్కి తిరిగేవాళ్ళము. కరెంటు దీపాలతో అలంకరించిన ఎత్తైన ప్రభలను చూస్తూ జనం మా ముందు నుండే సాగిపోతున్నారు తప్ప ఒక్కరూ ఆగలేదు. దారి కుదుపులకు తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మ చెయ్యి ఊడిపోతే, నా భార్య చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో దాన్ని అతికించి, అక్కడే కూర్చుని రంగు వేయసాగింది. జాగారం చేసేవాళ్ళకు చూడటానికి ఏదో ఒకటి కావాలి కదా, నలుగురు చేరారు. వారిలో కల్లుగీతలోనే ముసలివాడైన ఒక పెద్దాయన వంగి చూసి, "అమ్మాయీ, కత్తి అక్కడ పెట్టుకుంటే చెట్టెక్కేటప్పుడు తొడకు దిగదూ?" అన్నాడు. ఆమె కత్తిని చెరిపి, ఆయన చూపించిన చోట మళ్ళీ వేసింది. ఆయన ధర అడిగి, ఒక్క రూపాయి తగ్గించమనకుండా దాన్ని కొనుక్కున్నాడు. ఆ తరువాత తెల్లవారేదాకా మాకు టీ తాగడానికి కూడా తీరిక దొరకలేదు.

కళ్ళ ముందు పని జరుగుతుంటే ఎవరూ బేరమాడరని నాకు అప్పుడే రూఢి అయింది. లేదంటే పేరు చూసి బేరమాడరు: అచ్చులో పోసిన నాసిరకం బొమ్మను కొండపల్లి పేరుతో షోరూములో పెడితే చీటీ మీది ధరకు నోరెత్తకుండా కొంటారు. ఆ పేరుకు 2007లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చినా, అది కర్రేనా అని వేలితో మీటి చూసే కొనుగోలుదారులు అరుదు.

ఇక వ్యాను సంగతి. ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయినా, విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాలకు కొదవ లేదు. ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది కనుక మే నెలలో గుంటూరు దాకా నడపడమంటే పెనం మీద కూర్చున్నట్టే. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది, ఆ తరువాత ఐదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి; ఆ కాగితం చూడకుండా బయానా ఇవ్వవద్దు. తెల్ల బోర్డు బండిలో అమ్మకపు సరుకు కనబడితే ఆపి అడుగుతారు కనుక, రవాణా వాహనంగా మార్పించుకునే ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకోండి. ఎనామిల్ రంగు పూర్తిగా ఆరని బొమ్మలను పెట్టెలో పేర్చవద్దు, ఎండకు ఒకదానికొకటి అంటుకుపోతాయి.

ఆశీలు, అంటే అమ్ముకునే చోటుకు కట్టే రుసుము, వసూలు చేసేవారి గురించి రాయాలంటే మరో జవాబు కావాలి. గంపతో కూర్చున్నవారికి ఒక రేటు, వ్యానుతో వచ్చినవారికి ఇంకొక రేటు. రసీదు అడిగితే మాత్రం ఆ రెండవ రేటు వెంటనే దిగివస్తుంది. అడగండి.

వానాకాలంలో తిరునాళ్ళు పలచబడతాయి, తేమకు రంగులూ సరిగా ఆరవు. ఆ నెలల్లో నేను బండి తీయడం తగ్గించి, దసరా బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళకు దశావతారాల సెట్లను ముందుగా డబ్బు తీసుకునే చేరవేస్తాను. ఆ వాడుక ఇళ్ళు మీకు ఏర్పడేదాకా, ఆ కొద్ది నెలల ఇంటి ఖర్చును పక్కన పెట్టుకోకుండా వ్యాను కొనవద్దు.