నడుం తొక్కిస్తే నరం వదులుతుందా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. రెండు నెలలుగా కుడి పిరుదు నుంచి తొడ వెనకగా పిక్క దాకా కరెంటు పాకినట్టు లాగేస్తోంది. మిషన్ ముందు అరగంట కూర్చుంటే లేవలేను. ఇది చాలదన్నట్టు ఎడమ భుజం పట్టేసింది. జడ వేసుకోలేను, వెనక హుక్కు పెట్టడానికి మా అమ్మాయిని పిలవాల్సి వస్తోంది. షుగర్ ఉంది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుం తొక్కించుకోమంటారు మా అత్తగారు. ఫిజియోథెరపీలో చేత్తో చేసే వైద్యం ఉందంటాడు మా తమ్ముడు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మా మేనమామ ఎదురుకాళ్లతోనే పుట్టాడు. ఆదివారం వస్తే మా అరుగు మీద నలుగురైదుగురు బోర్లా పడుకుని ఆయన కోసం చూసేవారు. మామూలు నడుం పట్టు చాలామందికి కొద్ది వారాల్లో ఎలాగూ సర్దుకుంటుంది, పేరు మాత్రం మామయ్య కాలికి వచ్చేది. మీరు తొక్కించుకోకండి. మీరు రాసింది చూస్తే ఇది సయాటికాలా ఉంది. నడుం కింది పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉబ్బి, నరం మొదట్లోనే దాన్ని ఒరుసుకుంటుంటే నొప్పి పిక్కలో తెలుస్తుంది. అక్కడ బరువు వేస్తే రేగిన నరం ఇంకా రేగుతుంది. పిక్కను నూనె పెట్టి పిసికించుకున్నా హాయిగా ఉంటుందే తప్ప మూలం కదలదు.

మీ తమ్ముడు చెప్పిన చేతివైద్యం డిస్కును లోపలికి నెట్టదు. నెట్టేస్తామని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. నాలాంటి ఫిజియోలం బిగిసిన పూసల కీళ్లను, పిరుదు కండరాలను మెల్లగా కదిలించి నొప్పి తగ్గిస్తాం. ఆ వెసులుబాటులో మీరు వ్యాయామం చేయాలి. ఒకటి చెబుతాను. కుర్చీలో కూర్చుని, కుడి మోకాలు చాపుతూ తల పైకెత్తండి. మోకాలు మడుస్తూ తల దించండి. పదిసార్లు, లాగే చోటికి కాస్త ముందే ఆపేస్తూ. నరాన్ని సాగదీయడం కాదిది, అటూ ఇటూ జరపడం. కొన్నాళ్లకు పిక్కలో నొప్పి తగ్గి నడుంలో కాస్త పెరిగినట్టుంటే భయపడకండి, అది మంచి గుర్తు. మిషన్ దగ్గర ఇరవై నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

ఇక భుజం. ఎడమ మోచేయి మడిచి ఒంటి పక్కకు ఆనించి, ముంజేతిని బయటికి తిప్పి చూడండి. కుడిచేయి తిరిగినంత తిరగకపోతే, మీ అమ్మాయి పట్టుకుని తిప్పినా అక్కడే ఆగిపోతే ఫ్రోజెన్ షోల్డర్ అనుకోవచ్చు. కీలు చుట్టూ ఉండే సంచి గట్టిపడి ముడుచుకుపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. నాకూ 49వ ఏట వచ్చింది. పాఠాలు చెప్పేదాన్నే కానీ, ఓపిక లేక తోటి ఫిజియో చేత గట్టిగా నెట్టించుకున్నాను. రెండు రాత్రులు కుర్చీలో కూర్చునే తెల్లవార్చాను! రాత్రిళ్లు నొప్పి ఎక్కువగా ఉన్నన్నాళ్లు చిన్న చిన్న కదలికలే చేయించుకోవాలి. నొప్పి తగ్గి బిగుతు మిగిలాక గట్టి సాగదీతలు. పూర్తిగా వదలడానికి ఏడాది దాటొచ్చు.

మీ కేసులో ఒక చిక్కుంది. భుజానికి అందరూ చెప్పేది ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపమని. మీరలా వంగితే కాలు లాగుతుంది. కాబట్టి వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి, ఎడమ మోచేయి కింద తువ్వాలు మడిచి పెట్టండి. మూసిన గొడుగును రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, కుడిచేత్తో ఎడమచేతిని బయటికి నెట్టండి. అక్కడ ఐదు అంకెలు లెక్కపెట్టండి. వేడినీళ్ల స్నానం అయ్యాక చేస్తే సులువు. మూడు నెలల షుగర్ సగటు చూపించే హెచ్‌బిఎ1సి పరీక్ష కూడా చేయించండి.

రెండు నెలలైంది కాబట్టి ముందు ఎముకల డాక్టరుకు చూపించి, ఆ తర్వాతే ఫిజియో దగ్గరికి వెళ్లండి. నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా మాత్రం ఇవేవీ వద్దు, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి. అత్తగారు ఊరుకోకపోతే గొడుగు వ్యాయామానికి పక్కన కూర్చోబెట్టి అంకెలు లెక్కపెట్టమనండి.