మాడ్యూల్‌కి మన పైథాన్ వెర్షన్ సరిపోతుందో లేదో ఎక్కడ చూడాలి?

పైథాన్ మాడ్యూల్స్ దొరికే సైట్ పైపీఐ (pypi.org)లో ఆ మాడ్యూల్ పేజీ తెరిస్తే 'రిక్వైర్స్ పైథాన్' అన్న లైన్ ఉంటుంది. మీ పైథాన్ వెర్షన్ ఆ హద్దులో ఉంటేనే అది ఎక్కుతుంది. మాడ్యూల్స్‌ను దించి ఎక్కించే టూల్ పిప్ చూసేదీ అదే. సరిపడని వెర్షన్లను అసలు లేనట్టే వదిలేస్తుంది.

తిరుపతిలో ఏదో కాలేజీ ల్యాబ్ సిస్టమ్‌లో ఉబుంటు 20.04 (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉందనుకోండి, దాంతో వచ్చేది పైథాన్ 3.8. లెక్కలకు వాడే నంపై మాడ్యూల్ 2.1కి కనీసం పైథాన్ 3.10 కావాలి. ఉత్త నంపై అని అడిగితే పిప్ చప్పుడు చేయకుండా పాత 1.24.4 దించుతుంది, 2.1.0 కావాలని పట్టుబడితే 'కుడ్ నాట్ ఫైండ్ ఎ వెర్షన్' అని ఎర్రగా చూపిస్తుంది.

దాన్ని చూసి నెట్ పోయిందనో, పేరు తప్పు కొట్టామనో చాలామంది అనుకుంటారు. పిప్‌ను అప్‌డేట్ చేసినా లాభం లేదు, మార్చాల్సింది పైథాన్‌నే. ఉబుంటు సొంత పైథాన్‌ను మాత్రం తీసేయకండి, సిస్టమ్ టూల్స్ దాని మీదే నడుస్తాయి. కొత్తదాన్ని పక్కన వేసుకుని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (సిస్టమ్ పైథాన్‌తో కలవకుండా విడిగా ఉండే ఫోల్డర్‌లో) వాడండి.