మిశ్రమ సంతానాన్ని తిట్టే మాట కథలో సహజంగా రావాలంటే

కొండజాతి తల్లికీ తీరజాతి తండ్రికీ పుట్టిన కుర్రాడు మీ ఫాంటసీ నవల హీరో, ఊరంతా వాణ్ణి "అర్ధరక్తుడా" అని తిడుతుంటే చదివినవాళ్లు అతకలేదన్నారు, మరి ఏ మాట పెట్టాలి అని అడిగారు. మాట ఒక్కటే మారిస్తే సరిపోదండీ. ఊరంతా ఒకే మాటని ఒకే కోపంతో అనడం దగ్గరే తేడా కొట్టింది.

మా అమ్మది బరంపురం, ఒడియా. నాన్నది విశాఖ. వాల్తేరు రైల్వే కాలనీలో పెరిగాను, నన్నెవరూ రక్తం పేరెత్తి తిట్టలేదు. వేసవిలో అమ్మ రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి పొద్దున్నే పెరుగు కలిపి పెట్టేది, వాళ్లు పఖాళ అంటారు, మన చద్దన్నానికి చుట్టమే. ఆటకి పిలవడానికొచ్చిన పిల్లలు ఒకసారి నా గిన్నెలోకి తొంగి చూశారు, ఆ రోజు నుంచి కాలనీలో నా పేరు నీళ్లన్నం.

అంతకంటే లోతుగా దిగింది మా మేనత్త మాట. పదో తరగతిలో మంచి మార్కులొస్తే "అచ్చం మా అన్నయ్య పోలికే" అని మురిసిపోయిన మనిషి, తాతగారి ఇల్లు పంచుకునే రోజు నాకు జడ వేస్తూ "పాపం, గుంట సగం మన పిల్లే కదా" అంది. ఎంతో ప్రేమగానే అంది, "సగం" దగ్గర మాత్రం గొంతు తగ్గించింది. వంటింట్లో అమ్మ గ్లాసులు కడుగుతోంది, ఆ చప్పుడు ఆగిపోయింది. తిరిగి ఏమనాలో నాకు ఇప్పటికీ తెలీదు, ఎందుకంటే అందులో తిట్టు లేదు.

అందుకే ముందు మీ హీరో వల్ల ఎవరికి ఏం పోతుందో తేల్చుకోండి. కర్ణుడు అర్జునుడితో పోటీకి దిగాకే కృపుడు వంశం అడిగాడు. సూతుడంటే మనుస్మృతి 10వ అధ్యాయం లెక్కలో క్షత్రియుడికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవాడు, కానీ భీముడు ఆ లెక్క ఎత్తలేదు, వెళ్లి రథం తోలే కొరడా పట్టుకోమన్నాడు. చేతిలో పట్టుకునే వస్తువు చూపించాడు కాబట్టే అది అంత గట్టిగా తగిలింది.

లెక్క ఎటువైపు నుంచో కూడా చూడండి. మన రాజ్యాంగంలోని 366(2) ప్రకారం ఆంగ్లో ఇండియన్ అవ్వాలంటే ఐరోపా మూలం తండ్రి వైపు నుంచే రావాలి, తల్లి వైపుది చాలదు. మీ తీరజాతివాళ్లు వంశాన్ని తల్లిని బట్టి లెక్కపెడితే తిట్టే తీరు మొత్తం మారిపోతుంది.

ఇక మాట సంగతి. పశువుల ఆసుపత్రిలో ఆవుని సంకరజాతి అంటే ఎక్కువ పాలిస్తుందని మెచ్చుకున్నట్టు, మనిషిని అంటే కొట్లాటే. అలాంటి రోజువారీ మాటే పట్టుకోండి. తీరంవాళ్లు కాబట్టి "ఉప్పుటేరు" అనొచ్చు, తాగడానికి పనికిరాని నీళ్లని. కొండవాళ్లు వాణ్ణే "పల్లపోడు" అంటారు, ఇద్దరి మాటా ఒకటి కాకూడదు. ఇంకోటి, ఆ మాట రెండోసారి వచ్చేటప్పుడు వాడి తల్లిని వినబడేంత దూరంలో ఉంచండి.