కొడుకా, ఇంట్ల ఒక లావు వంటల బుక్కు ఉండనియ్

కొడుకా,

నీ మెసేజ్ మొన్న రాత్రే చూసిన గానీ ఫోన్ల ఇంత టైప్ చేసుడు రాత్రిపూట నాతోని కాదు, కండ్లు గుంజుతయ్, అందుకే ఇయ్యాల పొద్దుగాల చాయ్ తాగి తీరిగ్గ కూసొని రాస్తున్న. "పెద్దమ్మా, 1200 పెట్టి అంత లావు వంటల బుక్కు కొనాల్నా, యూట్యూబ్‌ల అన్నీ ఉన్నయ్ గదా, కొంటె మీ కోడలు నవ్వుతది" అని రాసినవ్. నవ్వనీ. కొనుక్కో. ఎందుకు కొనాల్నో, కొన్నంక దాన్ని ఎట్ల వాడాల్నో రెండూ చెప్త, నడుమ వేరే ముచ్చట్లల్లకు పోతె ఏమనుకోకు, ముప్పై ఏండ్లు బడిల పాఠాలు చెప్పిన నోరు, గంట కొట్టేటోళ్ళు ఇప్పుడు ఎవ్వరు లేరు.

వీడియోలు చెడ్డయని నేను అనను. సకినం చుట్టుడు ఏ బుక్కూ నేర్పది, వేళ్ళ నడుమకెళ్ళి పిండి ఎట్ల జారాల్నో, చుట్టుకు చుట్టు ఎట్ల అతకాల్నో కండ్లతోని చూడాలె, అది వీడియోలనే చూడు, లేకుంటె సంక్రాంతికి వచ్చి నా పక్కన పాత ధోతి పరుచుకొని కూసో. కానీ వీడియోతోని ఒక ఇబ్బంది ఉన్నది, దాంట్ల వెతకాల్నంటె నీకు వంట పేరు ముందే తెలిసి ఉండాలె. రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు నుంచి వస్తవ్, ఫ్రిజ్ తీస్తె సగం సొరకాయ, ఇంత పెరుగు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఏం వండాలె అప్పుడు? మంచి బుక్కుకు వెనకాల కూరగాయల పేర్లతోని ఇండెక్స్ ఉంటది, సొరకాయ దగ్గర చూస్తె పప్పు, పెరుగుపచ్చడి, పాలు పోసి కూర, పులుసు అన్నీ ఒక్క కాడ కనపడతయ్. బియ్యప్పిండి ఉంటె సొరకాయ తురిమి సర్వపిండి పెట్టుకోవచ్చు, అది నీ బుక్కుల ఉండకపోవచ్చు, దాని సంగతి తర్వాత చెప్త.

ఇంకోటి, ఇదే అసలు సంగతి. నాలుగు వంటలున్న సన్న బుక్కు ఆ నాలుగు వంటలే నేర్పుతది. ఆరేడు వందలున్న లావు బుక్కుల పప్పుల చాప్టర్ మొత్తం ఒక్కసారి కూసొని చదువు, వండకు, ఊరికె చదువు. టమాట పప్పు, మామిడికాయ పప్పు, చింతచిగురు పప్పు, పుంటికూర పప్పు (బుక్కుల గోంగూర అని ఉంటది, అదే ఇది). నాలుగైదు పేజీలు పోయినంక నీకే తెలుస్తది, ఇవన్నీ ఒక్కటే వంట, పులుపు మారుతున్నది అంతే. ఒక్కసారి ఆ లెక్క దొరికితె రేపు నీకు తెలువని ఆకుకూర ఏదన్న పుణె మార్కెట్ల దొరికినా భయపడవ్. వీడియోలల్ల అట్ల పక్క పక్కన పెట్టి చూపెట్టరు, ఒక్కొక్కటి ఒక కొత్త ప్రపంచం లెక్క చెప్తరు.

అన్నిట్లకు కామన్‌గ ఉన్న ఒక్క ముక్క, ఎవ్వరూ నాకు చెప్పలే. 1979ల పెండ్లయిన కొత్తల, కాజీపేట రైల్వే క్వార్టర్ల ఉన్నప్పుడు, మీ పెద్దనాయినకు డ్యూటీకి టైమైతున్నది, నేను కందిపప్పు, చింతపండు గుజ్జు అన్నీ ఒక్క గిన్నెల ఏసి కిరసనాయిల్ స్టవ్ మీద పెట్టిన. గంటన్నర అయినా పప్పు గింజ గింజే. మా అత్తమ్మ వచ్చి గంటెతోని కలిపి చూసి ఏమనకుంట పోయింది, తిట్టినా బాగుండు. ఆ రోజు మీ పెద్దనాయిన ఎల్లిపాయ కారం, నూనె కలుపుకొని తిని పోయిండు. పులుపు తగిలితె పప్పు మెత్తబడది, పప్పు ఉడికినంకనే పులుపు ఏయాలె. తర్వాత ఎప్పుడో ఒక బుక్కుల ఈ ముక్క ఒక్క లైన్ల చదివి తల కొట్టుకున్న. మా అత్తమ్మకు తెలువక కాదు, ఆమెకు అది చెప్పాల్సిన సంగతి అని తోచలే. చిన్నప్పటి నుంచి చేసేటోళ్ళు తమకేం తెలుసో తామే చెప్పలేరు, వాళ్ళ చెయ్యికి తెలుస్తది గని నోటికి తెలువది. బుక్కు రాసేటోళ్ళు తెలువనోళ్ళ కోసం రాస్తరు గనుక అది కాయితం మీదికి వస్తది.

మీ అమ్మమ్మనే చూడు. ఒక్కనాడు కొలిచింది లేదు. "పిండి ఎన్ని నీళ్ళు అడిగితె అన్ని పోయ్" అనేది, పిండి నాతోని ఎన్నడూ మాట్లాడలే. ఆమె పోయినంక పచ్చిపులుసుల నువ్వులు ఏంచి పొడి కొట్టి ఏసేదా, పచ్చియే నూరేదా అని నేనూ మీ అమ్మా ఇప్పటికీ ఫోన్ల కొట్లాడుకుంటం. నేను ఏంచినయే అంట. మీ అమ్మ పచ్చియి అంటది. ఎవరు కరెక్టో చెప్పే మనిషి లేదు, రాసిన కాయితం లేదు.

ఉత్తరాలతోనే ఒక పెద్ద బుక్కు పుట్టిన ముచ్చట నీకు తెలుసా? మద్రాసుల మీనాక్షి అమ్మాళ్ అని ఒకామె ఉండె, చుట్టపోళ్ళు దూరం ఊర్లకు పోయి అది ఎట్ల చెయ్యాలె ఇది ఎట్ల చెయ్యాలె అని ఉత్తరాలు రాస్తుంటె ఆమె ఓపికగ జవాబులు రాసేది, ఇగ ఇంట్ల పెద్దమనిషి ఒకాయన ఇవన్నీ బుక్కు చెయ్యరాదా అంటె 1951ల అరవంల వంటల బుక్కు తెచ్చింది. ఇప్పటికీ అక్కడి ఇండ్లల్ల పెండ్లిపిల్లకు అది పెడతరు. నేను కూడ నీకు ఉత్తరమే రాస్తున్న గానీ నా దగ్గర అంత ఓపిక లేదు, అందుకే కొనుక్కో అంటున్న.

ఇగ వాడే తీరు చెప్త. బుక్కుల ఉన్న కొలతను కండ్లు మూసుకొని నమ్మకు, అది ఎక్కడి కొలత, ఎప్పటి కొలత చూడు. నాది ఒక బంగారం లాంటి కథ ఉన్నది. కాజీపేటల మా పక్కింటామె రాజమండ్రి దిక్కు మనిషి, ట్రాన్స్‌ఫర్ మీద పోతా పోతా మద్రాసుల అచ్చయిన పాత వంటల బుక్కు ఒకటి నాకిచ్చి పోయింది, అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసినామె పేరు కూడ తెలువది. సంక్రాంతికి దాన్ని చూసి అరిసెలు మొదలు పెట్టిన. శేరు బియ్యప్పిండికి 15 తులాల బెల్లం అని ఉన్నది. నాకు తెలిసిన శేరు మన దిక్కు శేరు, 80 తులాలు, అంటె ఇప్పటి లెక్కల 933 గ్రాములు. తులం 11.66 గ్రాములు గనుక 15 తులాలంటె 175 గ్రాములు. కిలోకు దగ్గర పిండి, గుప్పెడు బెల్లం! పాకంల పిండి పోస్తె ముద్ద ఎక్కడైతది, ఇసుక లెక్క పొడి పొడిగ ఉండె. బెల్లం మల్ల పాకం పట్టి పోసి ఏదో చేసిన, అవి అరిసెలు కాదు, గుడి మెట్లు. తర్వాత ఆ పక్కింటామెకు కార్డు రాస్తె జవాబొచ్చింది, వాళ్ళ దిక్కు శేరు అంటె 24 తులాలేనంట, ఐదు శేర్లు ఒక వీశె, వీశె అంటె 120 తులాలు. 280 గ్రాముల పిండికి 175 గ్రాముల బెల్లం, ఇప్పుడు చూడు లెక్క ఎంత చక్కగ కుదిరిందో. ఒక్క మాటకు రెండు ఊర్లల్ల రెండు బరువులు.

నీ కొత్త బుక్కుల శేర్లు ఉండయ్ గానీ కప్పులు ఉంటయ్, అది ఇంకో తలకాయనొప్పి. అమెరికా కప్పు అంటె 240 మిల్లీలీటర్లు, మనం చాయ్ తాగే కప్పు దాంట్ల సగం ఉంటదో లేదో. అందుకే ముందు ఒక చిన్న కాంటా కొనుక్కో, బ్యాటరీది, ఆన్‌లైన్ల దొరుకుతది. నీ కప్పును దాని మీద పెట్టి సున్న చేసి నిండ నీళ్ళు పోసి చూడు, ఎన్ని గ్రాములైతె నీ కప్పు అన్ని మిల్లీలీటర్లు. అది బుక్కు మొదటి పేజీల పెన్నుతోని రాసిపెట్టు. కొనేటప్పుడు కూడ గ్రాములల్ల రాసిన బుక్కే కొను, ఎంతమందికి సరిపోతదో రాసి ఉండాలె. అన్నిటికంటె ముఖ్యం, అయ్యిందని ఎట్ల తెలుస్తదో రాసి ఉండాలె. "పది నిమిషాలు వేయించాలె" అని రాసే బుక్కు కంటె "నూనె పైకి తేలే దాంక" అని రాసే బుక్కు మేలు, నీ స్టవ్ మంట రాసినామెకు తెలువది గదా. పాకం దగ్గర "నీళ్ళల్ల ఏస్తె మెత్తటి ఉండ కావాలె" అని ఉన్నదా లేదా చూడు, లేకుంటె షాపులనే పెట్టేసి రా. రంగు రంగుల ఫొటోలు చూసి మోసపోకు, ఫొటోలు ఎక్కువున్న కాడ మాటలు తక్కువ ఉంటయ్.

కారం సంగతి. ఏ బుక్కుల అయినా రెండు చెంచాల కారం అని ఉంటది, ఏ మిరపకాయదో రాయరు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల చూసినవ్ గదా ఎర్రటి కుప్పలు, అండ్ల తేజ రకం నాలిక మీద పెడితె కండ్లల్ల నీళ్ళొస్తయ్, మన చపాట మిర్చి లావుగ టమాట లెక్క ఉంటది, రంగు మస్తు, కారం తక్కువ. ఆ చపాటకే 2025ల జిఐ ట్యాగ్, అంటె ఇది ఈ దిక్కు పంటే అని సర్కారు ఇచ్చే గుర్తు, వచ్చింది, పేపర్ల చదివి నేను తొక్కు పెట్టినంత సంబురపడ్డ. అది రెండు చెంచాలు ఏస్తె కూర ఎర్రగ ముద్దుగ ఉంటది, తేజ రెండు చెంచాలు ఏస్తె నా కోడలు పుట్టింటికి పోతది. కొత్త కారం ప్యాకెట్ తెస్తె మొదటి రోజు సగమే ఎయ్యి. ఉప్పు కూడ అంతే, రాళ్ళుప్పు చెంచా కంటె సన్నుప్పు చెంచా బరువు ఎక్కువ, తొక్కు పెట్టేటప్పుడు అయితె చెంచా ముచ్చటే వద్దు, కాంటా మీద తూచు.

ఇప్పుడు సర్వపిండి ముచ్చట. ఆ లావు బుక్కుల్ల ఎక్కువ మటుకు సముద్రం దిక్కోళ్ళు రాసినయే. ఆవకాయలు ఇరవై రకాలుంటయ్, మన సకినాలు దొరికితె దొరికినట్టు, మలీద ఉండది, సత్తుపిండి ఉండది, మక్క గారెలు ఉండయ్, చల్లచారు ఒక మూలకు ఉంటది. నేను మొదట్ల దీని మీద మస్తు కోపం చేసుకున్న, తర్వాత ఒక పని చేసిన, అదే నువ్వు చెయ్యి. వెనకాల ఖాళీ పేజీలు ఉంటయ్, లేకుంటె తెల్ల కాయితాలు కుట్టించు. ఇంటికి వచ్చినప్పుడల్ల మీ అమ్మ చేస్తుంటె పక్కన కాంటా పట్టుకొని నిలబడు, ఆమె గుప్పెడు తీస్తె ఆ గుప్పెడును ముందు కాంటా మీద ఏపియ్యి, తిట్టినా సరే. నేను మా అత్తమ్మ దగ్గర సద్దుల బతుకమ్మ రోజు మలీద అట్లనే రాసుకున్న, ఆమె ముందు కసురుకున్నది, తర్వాత తానే "రాసినవా, బెల్లం రాసినవా" అని అడిగేది.

వండిన ప్రతిసారి ఆ పేజీ పక్కన ఒక లైన్ రాయి, తేదీ ఎయ్యి. "నీళ్ళు అరకప్పు ఎక్కువైనయ్", "నలుగురికి సరిపోలే", "ఆమెకు నచ్చలే". పుస్తకం ఖరాబ్ అయితదని భయపడకు, మరక లేని వంటల బుక్కు అంటె ఎవ్వరూ వండలేదనే. నా బుక్కుల 1994 దీపావళి కాడ "మైసూర్ పాక్ రాయి అయ్యింది, పాకం ముదిరింది, మంట తగ్గియ్యాలె" అని ఉన్నది, మల్ల అదే తప్పు 2003ల చేసి కింద ఇంకో లైన్ రాసుకున్న. నువ్వు నాకంటె తొందరగ నేర్చుకుంటవ్ లే.

అన్నట్టు కోడలు నవ్వితె ఈ ముచ్చట చెప్పు. మన కాకతీయులు ఇంక కల్యాణి చాళుక్యుల కింద సామంతులుగ హన్మకొండల ఉన్నప్పుడు, వాళ్ళ పైరాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసం అని సంస్కృతంల పెద్ద గ్రంథం రాయించుకున్నడు, 1130 ప్రాంతంల, అంటె మన వేయిస్తంభాల గుడి 1163ల కట్టకముందే. దాంట్ల ఏనుగులు, రాజ్యం, ఆటపాటల పక్కన వంటలకు ఒక భాగమే ఉన్నది, ఇడ్లీ లాంటిది కూడ ఉన్నది, బియ్యం లేకుంట ఉట్టి మినప్పప్పుతోని. అంత పెద్ద రాజు వంటలు రాయించుకోంగ లేనిది నువ్వు 1200 పెట్టి కొంటె తప్పేంది?

కొనేది డిసెంబర్‌ల హైదరాబాద్ వస్తె బుక్ ఫెయిర్‌ల చూసి, చేతిల పట్టుకొని, వెనకాల ఇండెక్స్ తిరగేసి కొను. పాతవి కావాల్నంటె ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరుకుతయ్, బేరం గట్టిగ ఆడు.

సంక్రాంతికి వస్తున్నవ్ గదా, నా పాత బుక్కు నీకియ్య గానీ జిరాక్స్ తీసుకపో. అరిసెల పేజీ మాత్రం నూనె తాగి అవతలి పేజీ కూడ కనపడుతున్నది, మిషన్ల పెడితె నల్లగ వస్తది, దాన్ని కూసొని చేతితోని రాసుకో, 15 తులాల కాడ నేను ఎర్ర పెన్నుతోని గీసిన లెక్కతో సహ.

మీ పెద్దమ్మ
హన్మకొండ